పురుగుల ఫోటోలకు ఏ లెన్సు కొనాలి? ముందు వెలుతురు సంగతి

ప్రశ్న: వికారాబాద్ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. సెలవు రోజుల్లో అనంతగిరి గుట్టల్లోనూ, మిగిలిన రోజుల్లో బడి తోటలో, పొలం గట్ల మీదా పురుగులు, సీతాకోకచిలుకలు, సాలీళ్ల ఫోటోలు తీసి పిల్లలకు చూపిస్తుంటాను. నా దగ్గర కెనన్ 1500డి కెమెరా, 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. దగ్గరికి వెళ్లి తీస్తే ఏదీ స్పష్టంగా రావడం లేదు. అంతా ఫోకస్‌లోకి రావాలని ఎఫ్/22 పెడితే ఇంకా మసకబారుతోంది. తొలకరిలో తీసిన ఆరుద్ర పురుగు ఎర్రటి ముద్దలా వచ్చింది. మాక్రో లెన్సు కోసం 45 వేల రూపాయల వరకు పెట్టగలను. దుకాణంలో 100 మి.మీ. కొనమంటున్నారు, తోటి ఉపాధ్యాయుడు 60 మి.మీ. చాలంటున్నారు. ఏది కొనాలి? పురుగులను కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా ఉంటాయని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

సమాధానం: ఆ రెండింటిలో ఒకటే చెప్పమంటే 100 మి.మీ. లెన్సు అంటాను. అయితే ఈ డబ్బుతో మొదట కొనవలసింది అది కాదని నా అభిప్రాయం. మీరు చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు లెన్సు లోపం వల్ల వచ్చినవి కావు. మితిమీరి మూసిన అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్/ పక్క సంఖ్య పెరిగే కొద్దీ అది చిన్నదవుతుంది), చాలని వెలుతురు, చేతి వణుకు కలిసి తెచ్చిపెట్టినవి. అవే అలవాట్లతో ఎంత ఖరీదైన మాక్రో లెన్సు బిగించినా పురుగు పెద్దదిగా కనిపిస్తుందే తప్ప స్పష్టంగా కనిపించదు, ఎందుకంటే బొమ్మతో పాటు మసక కూడా పెద్దదవుతుంది. కాబట్టి ముందుగా ఒక ఫ్లాష్, దాని వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్, మీ 55-250కి ముందు తగిలించుకునే ఒక క్లోజప్ లెన్సు సమకూర్చుకోండి. ఇవన్నీ కలిపినా మీరు అనుకున్న మొత్తంలో సగానికి పైగా మిగిలే అవకాశం ఉంది. ఒక వానాకాలం వీటితో పని చేశాక మాక్రో లెన్సు గురించి మీకే స్పష్టమైన అభిప్రాయం ఏర్పడుతుంది.

మాక్రో అంటే ఏమిటో ముందు లెక్కలో చూద్దాం. కెమెరా లోపల బొమ్మను నమోదు చేసే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువుతో సమానమైన పరిమాణంలో ఉంటే దానిని 1:1 అంటారు, అసలైన మాక్రో లెన్సు అంటే అంతవరకు వెళ్లగలిగేది. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ., కాబట్టి 1:1 దగ్గర ఫ్రేములో పట్టేది అంత వెడల్పు ఉన్న స్థలమే. మీ 18-55 లెన్సు అతి దగ్గర నుంచి తీసినప్పుడు దాదాపు 0.34 రెట్ల వరకు వెళుతుంది, అంటే ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేము నిండా వస్తుంది. జిల్లేడు మీద వాలే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక రెక్కలు చాపితే ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. దానికి మాక్రో లెన్సుతో పనే లేదు. 55-250ని 250 దగ్గర పెట్టి దూరం నుంచి తీస్తే అది బెదరకుండా కూడా ఉంటుంది. అసలు కష్టమంతా ఒక సెంటీమీటరు, అంతకన్నా చిన్న జీవులతోనే. ఫోన్ల మీదా, కొన్ని జూమ్ లెన్సుల మీదా ‘మాక్రో’ అని రాసినంత మాత్రాన అవి 1:1 ఇస్తాయని కాదు. లెన్సు వివరాలలో గరిష్ఠ మాగ్నిఫికేషన్ (బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లన్నది) ఎంతో చూసి నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు ఎఫ్/22 సంగతి. అపర్చర్ రంధ్రం చిన్నదయ్యే కొద్దీ దాని అంచుల దగ్గర కాంతి వంగి చెదరడం పెరుగుతుందని మీకు భౌతికశాస్త్ర పాఠాల నుంచి తెలిసే ఉంటుంది. దగ్గరి ఫోటోల్లో ఈ వివర్తనం మరింత ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే లెన్సు మీద చూపే అపర్చర్ వేరు, సెన్సర్ దగ్గర నిజంగా పనిచేసేది వేరు. స్థూలంగా, మాగ్నిఫికేషన్‌కు ఒకటి కలిపి దానితో అపర్చర్ సంఖ్యను గుణిస్తే అసలు విలువ వస్తుంది. 0.3 రెట్ల దగ్గర ఎఫ్/22 అన్నది దాదాపు ఎఫ్/29 అవుతుంది. 1:1 దగ్గర ఎఫ్/44 అవుతుంది. మీ కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.7 మైక్రాన్లు. ఎఫ్/29 దగ్గర ఒక కాంతి బిందువు దాదాపు పది పిక్సెళ్ల వెడల్పున పరుచుకుంటుంది, ఎఫ్/44 దగ్గర పదహారు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. పురుగు ఒంటి మీది వెంట్రుకలు, కంటిలోని గళ్లు ఆ చెదరడంలోనే కరిగిపోతాయి. పైగా అపర్చర్ అంత మూసినప్పుడు తగ్గిన వెలుతురుకు సరిచేయడానికి కెమెరా షట్టర్ వేగాన్ని తగ్గించడమో, కాంతికి సెన్సర్ స్పందనను తెలిపే ఐఎస్ఓను పెంచడమో చేస్తుంది. మొదటిదానితో వణుకు, రెండోదానితో గరుకుదనం వచ్చి చేరతాయి.

అలాగని ఎఫ్/4 పెట్టమనడం లేదు. 1:1 దగ్గర మీ సెన్సర్ మీద ఎఫ్/8తో ఫోకస్‌లో ఉండే మందం 0.6 మి.మీ. దరిదాపుల్లో, ఎఫ్/11తో 0.8 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఒక మిల్లీమీటరు కూడా కాదు. ఎఫ్/8కీ ఎఫ్/11కీ మధ్య ఉండిపోవడం మంచిదని నేను చెప్పేది ఇందుకే. ఈ పలుచని పొరను పెంచుకోవడానికి ప్రయత్నించడం కన్నా, దానిని ఎక్కడ పరచాలో ఎంచుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. రెక్కలు ముడిచి కూర్చున్న సీతాకోకచిలుకకు సెన్సర్‌ను రెక్కలతో సమాంతరంగా పట్టుకుంటే ఎఫ్/8 దగ్గరే రెక్క మొత్తం, కన్నుతో సహా, స్పష్టంగా వస్తుంది. అదే దానిని ఏటవాలుగా తీస్తే ఎఫ్/22 కూడా సరిపోదు. గొల్లభామను, తూనీగను పక్క నుంచి తీసేటప్పుడూ ఇంతే. ఎదురుగా తీసే ఫోటోలో మాత్రం కళ్లు రెండూ ఆ పొరలో పడితే చాలు, మిగిలిన శరీరం మసకబారినా ఎవరికీ లోపంగా తోచదు. కళ్లు మసకబారి పొట్ట స్పష్టంగా వస్తే ఆ ఫోటో వృథా.

వెలుతురు విషయంలో కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే డబ్బు పెట్టవలసింది ముందుగా ఇక్కడే. ఎఫ్/11, తక్కువ ఐఎస్ఓ, వణుకు కనిపించనంత వేగం, ఈ మూడూ ఒకేసారి చెట్టు నీడలో సహజ కాంతితో సాధ్యం కావు. ఫ్లాష్ ఉంటే మాత్రం సాధ్యమవుతాయి. ఫ్లాష్‌ను పూర్తి శక్తితో కాక ఎనిమిదో వంతు, పదహారో వంతు శక్తితో వెలిగిస్తే అది వెలిగి ఆరే సమయం సెకనులో కొన్ని వేలవ వంతే ఉంటుంది. మీ చేతి వణుకునూ చీమ నడకనూ ఆపేది ఆ మెరుపే కాని షట్టర్ కాదు. కెమెరాను మాన్యువల్‌లో 1/200 సెకను, ఎఫ్/11, ఐఎస్ఓ 200 దగ్గర పెట్టి, ఫ్లాష్‌ను పదహారో వంతుతో మొదలుపెట్టి, ఫోటో చూసుకుంటూ పెంచుకోండి, తగ్గించుకోండి. 1/200 కన్నా వేగం పెంచితే సాధారణ పద్ధతిలో మీ కెమెరా ఫ్లాష్‌తో జత కుదుర్చుకోదు. వెనుక ఆకులు దూరంగా ఉంటే నేపథ్యం నల్లగా వస్తుంది, అది నచ్చకపోతే వేగాన్ని 1/80కి తగ్గించి, ఐఎస్ఓను 800 వరకు పెంచి, పరిసరాల వెలుతురును కూడా లోపలికి రానివ్వండి. లేదా పురుగు వెనుక ఒక ఆకు ఉండేలా మీరే కాస్త పక్కకు జరగండి.

ఫ్లాష్ కొనేటప్పుడు ఒక ముఖ్యమైన జాగ్రత్త. మీ 1500డి హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ బిగించే గాడి) మధ్యలో ఉండవలసిన పెద్ద పిన్ను ఉండదు, కెనన్ దానిని ఈ తరగతి కెమెరాలలో తొలగించింది. అందువల్ల ఆ ఒక్క పిన్ను మీదే ఆధారపడే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు మీ కెమెరా మీద వెలగవు. కెనన్ కోసమే తయారై, కెమెరాతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకునే టీటీఎల్ ఫ్లాష్ అయి ఉండాలి. అది ఇతర కంపెనీదైతే దుకాణంలోనే మీ కెమెరాకు బిగించి, వెలుగుతున్నదో లేదో చూసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి.

ఫ్లాష్‌ను నేరుగా పురుగు మీదికి వదిలితే మొహం మీద టార్చి కొట్టినట్టు ఉంటుంది. వెలుగు మెత్తబడటానికి సూత్రం ఒకటే: పురుగు వైపు నుంచి చూస్తే కాంతి వచ్చే తలం పెద్దదిగా, దగ్గరగా ఉండాలి. లెన్సు చుట్టూ వలయంలా బిగించే రింగ్ ఫ్లాష్‌ను దుకాణాల్లో గట్టిగా సిఫారసు చేస్తారు కానీ, అన్ని వైపుల నుంచీ సమానంగా వెలుగు పడి గుండ్రదనం పోతుంది, నున్నటి పెంకుల మీద వలయం ప్రతిబింబిస్తుంది; నేనైతే దానిని వద్దంటాను. పార్సిళ్లలో సామాను చుట్టి పంపే తెల్లటి పలుచని ఫోమ్ షీటును వంచి, ఫ్లాష్ తల నుంచి లెన్సు చివర దాటి ముందుకు వచ్చేలా కట్టుకుంటే అదే మంచి డిఫ్యూజర్. ఎంత ముందుకు, ఎంత వంపుతో ఉండాలన్నది పురుగుకూ లెన్సుకూ మధ్య ఉండే దూరాన్ని బట్టి మారుతుంది కాబట్టి, కొన్నదాని కన్నా చేతితో చేసుకున్నదే తరచుగా బాగా కుదురుతుంది. మీ డిఫ్యూజర్ ఎంత బాగుందో పరీక్షించడానికి బడి ఆవరణలోని గన్నేరు చెట్టు ఆకుల కింద వెతకండి. కామన్ క్రో సీతాకోకచిలుక ప్యూపా వెండి పూత పూసినట్టు మెరుస్తూ వేలాడుతుంటుంది. దాని మీద తెల్లటి చుక్క పడితే డిఫ్యూజర్ చిన్నది, వెడల్పాటి మెత్తని మెరుపు పడితే సరిపోయింది.

ఇక మాగ్నిఫికేషన్. రేనాక్స్ సంస్థ తయారుచేసే డీసీఆర్-150, డీసీఆర్-250 అనే రెండు చిన్న క్లోజప్ లెన్సులు ఉన్నాయి. ఇవి 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ వ్యాసం ఉన్న లెన్సులకు క్లిప్పుతో బిగుసుకుంటాయి. మీ రెండు లెన్సుల వ్యాసమూ 58 మి.మీ. కాబట్టి ఇబ్బంది లేదు. మొదటిదాని శక్తి 4.8 డయాప్టర్లు, అంటే నాభ్యంతరం సుమారు 208 మి.మీ. మీ జూమ్‌ను 250 దగ్గర, ఫోకస్‌ను అనంతం దగ్గర ఉంచి దీన్ని తగిలిస్తే 250ని 208తో భాగించగా వచ్చే 1.2 రెట్ల మాగ్నిఫికేషన్ లభిస్తుంది. లెన్సు ముందు భాగానికీ పురుగుకూ మధ్య దూరం దాదాపు 20 సెం.మీ. ఉంటుంది, ఇది 100 మి.మీ. మాక్రో లెన్సు ఇచ్చే దూరం కన్నా ఎక్కువ. జూమ్‌ను 100కి తగ్గిస్తే మాగ్నిఫికేషన్ సగం రెట్టు దాకా తగ్గుతుంది, కాబట్టి ఒక పొడవాటి గొంగళిపురుగు నుంచి ఒక చిన్న సాలీడుకు మారడానికి లెన్సు విప్పవలసిన పని ఉండదు. డీసీఆర్-250 శక్తి 8 డయాప్టర్లు. 250 దగ్గర 2 రెట్లు ఇస్తుంది కానీ 12 సెం.మీ. దగ్గరికి వెళ్లాలి, కొత్తవారికి పురుగును ఫ్రేములో వెతుక్కోవడమే కష్టమవుతుంది. 150తో మొదలుపెట్టండి. దీనితో లోపం లేకపోలేదు: ఫ్రేము అంచుల్లో స్పష్టత తగ్గుతుంది, తగిలించి ఉన్నంతసేపు దూరపు వస్తువులు ఫోకస్ కావు. పొడవుగా సాగిన ఈ జూమ్ ముందుకు హాట్ షూ మీది ఫ్లాష్ వెలుగు సరిగా చేరదు కాబట్టి, ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి లెన్సు చివరి వరకు తెచ్చుకునే టీటీఎల్ కేబుల్ ఒకటి కూడా లెక్కలో వేసుకోండి.

లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే బోలు గొట్టాలైన ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, లెన్సును తిరగేసి బిగించే రివర్స్ రింగులు కూడా ఉన్నాయి. 50 మి.మీ. లెన్సు ఉంటే ట్యూబులు బాగా పనిచేస్తాయి, మీ దగ్గర అది లేదు. రివర్స్ చేసిన కెనన్ లెన్సుకు కెమెరాతో విద్యుత్ సంబంధం తెగిపోతుంది కాబట్టి అపర్చర్ మార్చడం తలనొప్పి. ప్రయోగానికి సరదాగా ఉంటుంది, రోజువారీ పనికి కాదు.

లెన్సు కొనే సమయం వచ్చినప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి: పేరున్న మాక్రో లెన్సుల్లో స్పష్టత లేనిదంటూ దాదాపు లేదు. 60కీ 100కీ మధ్య తేడా స్పష్టతలో కాదు, దూరంలో ఉంది. కెనన్ ఈఎఫ్-ఎస్ 60 మి.మీ. లెన్సు 1:1 దగ్గర కనీస ఫోకస్ దూరం 20 సెం.మీ. అని రాసి ఉంటుంది, కానీ ఆ దూరాన్ని కొలిచేది సెన్సర్ నుంచి. లెన్సు అంచు నుంచి చూస్తే మిగిలేది 9 సెం.మీ. ప్రాంతమే. ఈఎఫ్ 100 మి.మీ. అయితే 15 సెం.మీ. ప్రాంతంలో ఉంటుంది. పూలకు, పుట్టగొడుగులకు, ఆకు మీది గుడ్లకు 60 చక్కగా సరిపోతుంది, తేలిక కూడా. కదిలే పురుగులకు, ముఖ్యంగా లెన్సు నీడ పడగానే ఎగిరిపోయేవాటికి, ఆ ఆరు సెంటీమీటర్లు ఎంతో విలువైనవి. డిఫ్యూజర్ పట్టడానికీ అంత చోటు కావాలి.

100లో రెండు రకాలున్నాయి. 2000లో వచ్చిన ఎఫ్/2.8 యూఎస్ఎం రకానికి వణుకు నిరోధం లేదు, 2009లో వచ్చిన ఎల్ (కెనన్ ఖరీదైన) తరగతి రకానికి ఉంది. అయితే ఆ నిరోధం దూరపు ఫోటోల్లో నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) వరకు పనిచేస్తే 1:1 దగ్గర రెండు స్టాపులకు పడిపోతుందని కెనన్ లెక్కలే చెబుతాయి. ఫ్లాష్ వాడేవారికి దాని కోసం అదనంగా పెట్టవలసిన అవసరం తక్కువ. వాడిన మొదటి రకం, లేదా ట్యామ్రాన్ 90 మి.మీ. ఎఫ్/2.8 మంచి స్థితిలో దొరికితే సంతోషంగా తీసుకోండి. పాత లెన్సు కొనేటప్పుడు ఫోన్ టార్చిని వెనుక నుంచి వేసి అద్దాల మధ్య బూజు దారాలున్నాయేమో చూడాలి; మన వానాకాలంలో బీరువాల్లో మూసిపెట్టిన లెన్సులకు అది మామూలే. రేపు మీరు మిర్రర్‌లెస్ కెమెరాకు మారినా ఈఎఫ్ లెన్సులు కెనన్ అడాప్టర్‌తో ఆర్ వరుస కెమెరాలపై పూర్తిగా పనిచేస్తాయి. 60 కూడా పనిచేస్తుంది కానీ, అది చిన్న సెన్సర్ కోసం చేసినది కాబట్టి పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఫ్రేమంతా నింపలేదు.

పొలంలో చేయవలసిన పనికి వస్తే, ఆటోఫోకస్‌ను ఆపేయండి. ఎంత మాగ్నిఫికేషన్ కావాలో ముందే నిర్ణయించుకుని, ఫోకస్ రింగును అక్కడే వదిలి, మీ నడుమును ముందుకూ వెనక్కూ మెల్లగా కదిలిస్తూ కన్ను స్పష్టమైన క్షణంలో షట్టర్ నొక్కాలి. ఎడమ చేతి చిటికెన వేలిని అదే కొమ్మకో నేలకో ఆనించితే సగం వణుకు తగ్గుతుంది. మీ కెమెరా తెర మడత పడదు, అందువల్ల నేల మీది జీవులను తీయడానికి పడుకోక తప్పదు. లేదా వైఫైతో ఫోన్‌కు కలిపి ఫోన్ తెర మీద చూసి తీయవచ్చు. ట్రైపాడ్‌ను పుట్టగొడుగులకు, ప్యూపాలకు, మంచు బిందువులకు ఉంచుకోండి. తిరిగే పురుగు వెంట ట్రైపాడ్ కాళ్లు సర్దుకుంటూ కూర్చుంటే ఫోటో దక్కదు. నాలుగైదు ఫోటోలను వేర్వేరు ఫోకస్‌లతో తీసి కలిపే స్టాకింగ్ పద్ధతికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లున్నాయి, కానీ అది రెండో ఏడు సంగతి.

జీవశాస్త్రం తెలిసినవారికి ఈ విద్యలో ఇతరులకు లేని సౌలభ్యం ఒకటుంది: ఏ జీవి ఎక్కడ ఉంటుందో వెతకకుండానే తెలుస్తుంది. కరివేపాకు, నిమ్మ మొక్కల లేత ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేవి లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ల చిన్న గొంగళిపురుగులు. అవి రోజూ అక్కడే ఉంటాయి కాబట్టి సాధనకు అంతకన్నా ఓపికైన మోడల్ దొరకదు. చాలా రకాల తూనీగలు ఎగిరిపోయినా అదే పుల్ల మీదికి తిరిగి వస్తాయి, వెంటపడకుండా ఆ పుల్ల దగ్గర ఫోకస్ సిద్ధం చేసుకుని కూర్చోవడం మేలు. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయానికి ముందే వెళితే గడ్డిపరకలకు వేలాడుతూ, ఒంటినిండా మంచుతో, కదలలేని స్థితిలో ఉంటాయి.

మీ ఫ్రిజ్ ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. చల్లదనం వల్ల పురుగు కదలదన్నది నిజమే, కానీ ఆ చల్లదనాన్ని తెల్లవారుజామే ఉచితంగా ఇస్తోంది, ఆ జీవి తాను ఎంచుకున్న చోట, తన సహజ భంగిమలో ఉండగా. ఫ్రిజ్‌లోంచి తీసినది కాళ్లు ముడుచుకుని, మీసాలు వాల్చి, ఒంటి మీద అసహజమైన తేమతో ఉంటుంది. తెలిసినవారు చూడగానే గుర్తుపడతారు. ప్రకృతి ఫోటోల పోటీలు చాలావాటిలో అలాంటివి తిరస్కరిస్తారు. అన్నిటికీ మించి, మీరు చేసేది పిల్లలు చూస్తారు. వద్దు.

ఆరుద్ర పురుగు ముద్దలా రావడానికి కారణం ఫోకస్ ఒక్కటే కాకపోవచ్చు. అంత గాఢమైన ఎరుపులో ఎరుపు చానెల్ ఒక్కటే హద్దు దాటి నిండిపోతుంది, అప్పుడు వెల్వెట్ లాంటి నూగులోని వెలుగునీడలన్నీ చెరిగి ఒకే రంగు మిగులుతుంది. ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో గీతగా చూపే మామూలు హిస్టోగ్రాం దీన్ని బయటపెట్టదు. ఫోటో చూసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రాం తెరిచి, ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకోకుండా ఉండేంత వరకు ఫ్లాష్ శక్తిని తగ్గించండి. కెమెరా మార్పులు చేయని రా ఫైలుగా తీయండి, పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌లో పెట్టండి. ఫ్లాష్‌ను ఎదురుగా కాక ఒక పక్క నుంచి, కాస్త కిందుగా పట్టుకుంటే నూగు విడివిడిగా నిలబడుతుంది. ఆ పురుగు ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే గడిపి తొలి వానలకు కొద్ది రోజులే పైకి వస్తుంది కనుక, జూన్ మూడో వారానికి ముందే ఈ సాధనంతా ఏదైనా ఎర్ర మందార రేకు మీద చేసి ఉంచుకోవడం మంచిది.

అడవిలో అరుదైనది ఏదైనా కనబడితే దాని ఫోటోతో పాటు చోటు చెప్పకండి. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను బట్టి బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ 1899లో వర్ణించిన నీలి సాలీడు, పోసిలోథీరియా మెటాలికా, నిజానికి నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దానిని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతిగా గుర్తించింది. పెంపకానికి కొనేవారి గిరాకీ వల్ల దాని ప్రజాతి మొత్తాన్ని 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. మీ కెమెరాలో జీపీఎస్ లేదు, కానీ ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే దానితో తీసిన ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. పిల్లల గ్రూపులో పెట్టాలనుకునే ఫోటో తీసే ముందే ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్‌ను ఆపేసి ఉంచండి.